గిన్నెలో మిగిలిన పెట్రోలు

బండి ఎత్తుకుపోయి, పెట్రోలు పోయించి మరీ తిరిగి తెచ్చిపెట్టే దొంగని ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. లాండ్రీ అక్క కూడా దగ్గరగా చూడలేదు. చూడలేదనే కదా ఆవిడ బాధంతా.

లాండ్రీ అక్క ఆ వీధికంతటికీ అక్కే. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. చుట్టుపక్కల హోటళ్ళ దుప్పట్లూ, తువ్వాళ్ళూ, టేబుళ్ళ మీద పరిచే గుడ్డలూ ఆవిడ లాండ్రీలోనే ఉతికించుకుని, ఆరి, ఇస్త్రీ అయ్యి, వెనక సందులో ఉండే పాత తెల్ల వ్యాను ఎక్కి ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. బాయిలరు, ఇస్త్రీ మిషను వాళ్ళాయన చూసుకుంటాడు. వ్యాను ఆవిడ నడుపుతుంది. వాళ్ళాయనకి డ్రైవింగ్ రాదు. ఒకసారి నేర్చుకుందామని కూర్చుని, రివర్సు గేరు అనుకుని వేసి ముందుకు పోయి పక్కింటి ప్రహరీని గుద్ది, గోడే అడ్డం వచ్చిందని వాదించాడు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

ఆవిడకి డ్రైవింగ్ నేర్పింది తమ్ముడు. మొన్నమొన్నటి దాకా వ్యాను నడిపింది కూడా వాడే. మనిషి ఆరడుగుల పైమాటే. పొడుగోడూ, పొడుగోడూ అని పిలిచి పిలిచి అసలు పేరు చెప్పాల్సి వస్తే అక్కే ఒక్క క్షణం తడుముకునేది. అమ్మా నాన్నా పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. పెళ్ళై వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నదీ వాణ్నే. బావా బావమరుదులిద్దరూ పొద్దున లేస్తే ఒకరి మీద ఒకరు జోకులు, మధ్యాహ్నానికి కీచులాట, రాత్రికి ఒకే కంచంలో తిన్నంత స్నేహం. అన్నేళ్ళూ అలాగే నడిచింది.

ఆ ఒక్కరోజు మాత్రం కీచులాట కీచులాటతో ఆగలేదు. ఒక హోటలుకి పోవాల్సిన మూటలు ఇంకో హోటల్లో దింపి వచ్చాడు వీడు. పెద్ద తప్పేం కాదు, అందరూ చేసేదే. కానీ ఆ రోజు బాయిలరు మొండికేసి ఆయన తల ప్రాణం తోకకి వచ్చి ఉంది. పనివాళ్ళందరి ముందూ నోరు జారాడు. "అక్క చాటున బతికేవాడికి మళ్ళీ పౌరుషమొకటి!" అన్నాడు. పొడుగోడు చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టి బల్ల మీద ఉంచి, గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. ఆ సమయానికి అక్క పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంది. నోరు తెరవాల్సిన చోటు అది కాదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆవిడకే తెలియదు.

అప్పటి నుంచీ ఫోను చేస్తే ఎత్తడు. ఎక్కడుంటున్నాడో చెప్పడు. ఎత్తడని తెలిసినా రోజుకోసారి మోగించడం ఆవిడకి అలవాటైపోయింది. అవతల వాడి జేబులో మోగుతుంది కదా, అదైనా తనదే కదా అనుకునేది.

హోటలు దుప్పటి మడత పెట్టడం ఇద్దరి పని. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి నడవాలి, మళ్ళీ రావాలి. అక్కా తమ్ముళ్ళ కబుర్లన్నీ ఆ నడకలోనే సాగేవి. దగ్గరికి వచ్చినప్పుడు ఒక మాట, వెనక్కి పోతూ దానికి జవాబు. ఇప్పుడు ఆవిడ గోడకి రెండు కొక్కేలు కొట్టించుకుంది. కొసలు వాటికి తగిలించి ఒక్కతే మడత పెట్టుకుంటుంది. కొక్కేలు దుప్పటిని బాగానే పట్టుకుంటాయి గానీ కబుర్లు చెప్పవు.

ఇలా ఉండగా ఒకనాటి సాయంత్రం మూటలు వేసుకుని వ్యానెక్కి కూర్చుంటే ఆవిడ కాలు క్లచ్చికి అందలేదు.

మొదట అర్థం కాలేదు. కిందికి చూసింది. సీటు చివరంటా వెనక్కి జరిపి ఉంది. అద్దం పైకి తిప్పి ఉంది. అందులో తన మొహానికి బదులు వ్యాను లోపలి పైకప్పు కనిపించింది. పెట్రోలు ముల్లు చూస్తే పొద్దున తను ఆపినప్పటి కంటే పైన ఉంది. అంత వెనక్కి జరుపుకుంటే గానీ మోకాళ్ళు పట్టని మనిషి ఆవిడకి తెలిసి లోకంలో ఒక్కడే ఉన్నాడు. రెండో తాళం కూడా వాడి దగ్గరే ఉండిపోయింది. సీటు ముందుకి లాక్కోకుండా, కాళ్ళు అందకుండా, అలాగే చాలాసేపు కూర్చుంది. ఆ రోజు మూటలన్నీ ఆలస్యంగా చేరాయి.

ఆ తర్వాత నుంచి రోజు విడిచి రోజు కాకపోయినా తరచుగానే జరిగేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాయిలరు ఆపి అందరూ కాసేపు నడుం వాలుస్తారు. ఆ వేళ చూసి వచ్చేవాడు. గంటసేపు తిప్పుకుని, మళ్ళీ అదే సందులో, అదే గోడ వారన పెట్టేసి పోయేవాడు. ఒకసారి ఆవిడ నిద్ర మానుకుని డాబా మీద ఆరేసిన దుప్పట్ల వెనక మాటు వేసింది. పొడుగోడు సందు మొదట్లోకి వచ్చాడు. తలెత్తాడు. దుప్పటి కింద నుంచి ఆవిడ పాదాలు కనిపించి ఉంటాయి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. పిలుద్దామనుకునే లోపే సందు దాటిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు సీటు కదల్లేదు. అప్పుడర్థమైంది ఆవిడకి. చూడాలని ఆశపడితే ఈ రావడం కూడా పోతుంది. సరే, రానీ, కనపడకపోతే మానె అని మనసుకి సర్ది చెప్పుకుంది. మళ్ళీ సీటు వెనక్కి జరిగిన రోజున పనివాళ్ళకి కారణం చెప్పకుండా అందరికీ బన్నులు తెప్పించింది.

ఇదంతా వాళ్ళాయనకి తెలియదు. నడపనివాడికి సీటు సంగతి ఏం తెలుస్తుంది?

కానీ ఒక మధ్యాహ్నం ఆయన, కళ్ళజోడు వ్యానులో మర్చిపోయానని గుర్తొచ్చి సందులోకి వెళ్ళాడు. వ్యాను లేదు. "దొంగ! దొంగ!" అని వీధి వీధంతా లేపాడు. పోలీసులకి చెప్పాలనీ, హోటళ్ళవాళ్ళకి ఏం చెప్పాలనీ తల పట్టుకున్నాడు. జనాన్ని వెంటేసుకుని మళ్ళీ సందులోకి వచ్చేసరికి వ్యాను గోడ వారన బుద్ధిగా నిలబడి ఉంది. ఇంజను మీద చెయ్యేస్తే వేడిగా కూడా ఉంది. అయినా ఎవరు నమ్ముతారు? "కళ్ళజోడు లేక కనపడలేదేమోనయ్యా" అని వీధంతా పడీ పడీ నవ్వింది.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. మర్నాడు పొద్దున్నే ఫ్యూజుని పట్టుకొచ్చాడు.

ఫ్యూజు అంటే ఆ చుట్టుపక్కల బళ్ళకి వైరింగ్ పని చేసే మెకానిక్కు. ముక్కు మీద కోపం, ఊరికే ఎగిరిపోతాడు కాబట్టి ఆ పేరు. పనిలో మాత్రం గట్టివాడు. ఆ సంగతి తనే అందరికంటే ఎక్కువగా చెప్పుకుంటాడు.

"దొంగ స్విచ్చు పెట్టేద్దామన్నా" అన్నాడు వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి. "ఎక్కడుందో నా అంతటివాడు వెతికినా దొరక్కూడదు."

"బండి అసలు స్టార్టే కాకూడదు" అన్నాడు ఆయన.

"అదే తప్పు!" ఫ్యూజు అప్పుడే ఎగిరాడు. "స్టార్ట్ కాకపోతే ఏదో ఉందని దొంగకి తెలిసిపోదూ? నీ సందులోనే, నీ గోడ నీడలోనే నింపాదిగా కూర్చుని వెతుక్కుంటాడు. అలా కాదు. పెట్రోలు పంపుకి కరెంటు ఆపేస్తాం. బండి స్టార్టవుతుంది. కార్బొరేటర్ గిన్నెలో కాస్త పెట్రోలు మిగిలుంటుంది కదా, దాంతో ఝామ్మని కదుల్తుంది. వీధి చివర మలుపు దాకా పోయేసరికి గిన్నె ఖాళీ. టక్కున ఆగిపోతుంది. నడిరోడ్డు, ముందు బేకరీ, వెనక హారన్లు. ఏ దొంగైనా ఏం చేస్తాడు? దిగి పారిపోతాడు!"

అక్క తువ్వాళ్ళ మూట కడుతూ వింటోంది. 'ఆగిపోతుంది' దాకా విన్నది. ఆ తర్వాత మాట చెవిన పడిందో లేదో మరి.

"మలుపు దగ్గరే ఆగిపోతుందా?" అని అడిగింది.

"ఆగి తీరుతుందక్కా."

స్విచ్చు పెట్టే చోటు విషయంలో ఫ్యూజుకి ఒక పద్ధతుంది. బండి నడిపేవాళ్ళు ఒక్కరే ఉండాలి, మిగతావాళ్ళంతా బయటికి పోవాలి. ఆ మాట వినగానే వాళ్ళాయన మొహం మాడిపోయింది.

"ఇదేం చోద్యమయ్యా? బండి నాది."

"అయితే నువ్వే నడుపన్నా, నీకే చెప్తా."

గోడ అవతల నుంచి పక్కింటాయన కిసుక్కున నవ్వడం వినిపించింది. వాళ్ళాయన ఏదో గొణుక్కుంటూ బాయిలరు దగ్గరికి పోయాడు.

ఫ్యూజు అక్కని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. "సిగ్నల్ దగ్గర ఆగావనుకో. గేరు తీసేశావు. ఊరికే కూర్చున్నావు. నీ ఖాళీ చెయ్యి ఎక్కడికి పోతుందో పోనీ. నువ్వు ఆలోచించకు, చేతికి వదిలెయ్." ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి జారి, సీటు ముందంచు కిందికి, తొడుగు మడత పడ్డ చోటికి పోయి అక్కడ ఆగింది. "అదీ!" అన్నాడు ఫ్యూజు. "చెయ్యి తనంతట తను పోయే చోటే సరైన చోటు. వెతుక్కోవాల్సిన చోట పెడితే నీకే గుర్తుండదు."

మధ్యాహ్నానికి పని అయిపోయింది. సీటు తొడుగు మడతలో చిన్న మీట. ముందుకి నొక్కితే పంపు పని చేస్తుంది, వెనక్కి నొక్కితే ఆగుతుంది. పరీక్షకి ఫ్యూజే నడిపాడు. వ్యాను హుషారుగా వీధంతా పోయి, బేకరీ ముందు రెండు కుదుపులు కుదిపి నోరు మూసుకుంది. ఫ్యూజు కిటికీలోంచి తల బయటపెట్టి, సొంత కొడుకు పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు. "ఎవరికీ చెప్పకక్కా. మొగుడికైనా సరే" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు నుంచీ ఆయన భోజనం కాగానే ఒకటే అడుగుడు.

"స్విచ్చు ఆపావా?"

"ఆపాను."

ఆపేది కాదు. మీట ముందుకే ఉంచేది. మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అబద్ధం చెప్పి, చాప మీద పడుకుని, వెనక సందులో ఇంజను చప్పుడు అవుతుందేమోనని చెవి ఒగ్గేది. అయిన రోజున కళ్ళు మూసుకునే ఆ చప్పుడు వెంట వీధి చివర దాకా వెళ్ళేది. పక్కన ఆయన గుర్రు. పాపం, స్విచ్చు పెట్టించాక ఆయనకి గాఢంగా నిద్ర పడుతోంది.

అది అలాగే సాగిపోయేదేమో. బేకరీ పిన్ని నోట్లో మాట దాచుకోగలిగి ఉంటే.

"మీ తమ్ముడు పోతున్నాడటగా?" అంది పిన్ని, బ్రెడ్డు కాగితంలో చుడుతూ. "నిన్న వచ్చాడు. ప్రయాణానికి రస్కులు కట్టించుకున్నాడు. ఎక్కడో గనుల దగ్గర పెద్ద లారీలు నడిపే పనంట. ఈ వారంలోనే వెళ్ళడం. బస్సులో రెండు రోజుల దారంట తల్లీ. నీకు చెప్పలేదూ?"

"చెప్పాడు" అంది అక్క. బ్రెడ్డు తీసుకోవడం మర్చిపోయి వచ్చేసింది.

ఆ రాత్రంతా ఆలోచించింది. రెండు రోజుల దారి. అంత దూరం నుంచి మధ్యాహ్నం గంటసేపు వ్యాను తిప్పుకోవడానికి ఎవరొస్తారు? వెళ్ళేలోగా ఇంకొక్కసారి వస్తాడని మాత్రం ఆవిడ మనసు చెప్పింది. వ్యానుకి చెప్పకుండా పోడు వాడు. ఆ ఒక్కసారీ చాలు. ఎదురుపడితే వెనక్కి తిరిగిపోతాడు, నిజమే. కానీ బండెక్కి కూర్చున్నాక, మలుపు దగ్గర ఆగిపోతే? నడిరోడ్డు మీద బండి వదిలేసి పోయే రకం కాదు వాడు. బానెట్ ఎత్తి, చొక్కా చేతులు మడుచుకుని, ఏమైందో తేలేదాకా కదలడు. తను నడిచి వెళ్తుంది. ఎదురుగా నిలబడుతుంది. ఏమనాలో అప్పటికి తోచకపోదు. పొడుగోడి మొహం ఒక్కసారి దగ్గరగా చూడాలి, అంతే. చూడకుండా పంపేస్తే ఆ బరువు మోయడం తన వల్ల కాదు.

మర్నాడు భోజనాలయ్యాక, "స్విచ్చు ఆపావా?" అన్నాడు ఆయన.

"ఆపాను" అంది. మొదటిసారి నిజం చెప్పింది.

ఆ రోజు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజు చాప కూడా పరచలేదు ఆవిడ. చెప్పులు వేసుకునే కూర్చుంది. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడటం అంటారు గానీ, ఆవిడకి కాయలు కాసింది చెవులు. సరిగ్గా అప్పుడే ముందు గుమ్మంలోంచి ఒక హోటలు మేనేజరు, చేతిలో టేబుల్ గుడ్డ పట్టుకుని ఊడిపడ్డాడు.

"ఏంటమ్మా ఇది? ఉతికి పంపిన గుడ్డేనా? ఈ మరక చూడండి! పెళ్ళివారి టేబులు మీద వేశాం, పరువు పోయింది!"

వెనక సందులో ఇంజను స్టార్టయింది.

"మార్చి ఇస్తానండీ" అంది అక్క, గుమ్మం వైపు నడుస్తూ.

మేనేజరు అడ్డం వచ్చాడు. "మార్చడం కాదమ్మా. ఇది మూడోసారి. అసలు మీరు మరకలకి ఏం వాడతారో చెప్పండి."

వ్యాను సందు దాటి వీధిలోకి తిరిగిన చప్పుడు. రెండో గేరు. మూడో గేరు. మేనేజరు గుడ్డ విప్పి, వెలుతురుకి పట్టి, మరక చరిత్ర మొదటి నుంచీ చెప్తున్నాడు. పొమ్మనడానికి లేదు, వినడానికి ప్రాణం ఒప్పడం లేదు. చివరికి గుడ్డ ఆయన చేతిలోంచి లాగేసుకుని, "ఏవండీ! మీకోసం వచ్చారు!" అని లోపలికి ఒక్క కేక పెట్టి, వీధిలోకి పరుగెత్తింది. నిద్ర కళ్ళతో వచ్చిన మొగుడు మేనేజరు వాత పడ్డాడు.

వీధి మొత్తం పరుగే. వగర్చుకుంటూ బేకరీ మలుపు తిరిగింది.

వ్యాను ఉంది. నడిరోడ్డు మీద కాదు, వారగా తోసి పెట్టి ఉంది. అంత బండిని ఒక్కడే తోశాడన్నమాట. వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. మబ్బు పట్టి ఉందని అద్దాలన్నీ పైకి ఎక్కించాడు. లోపల ఎవరూ లేరు. డాష్‌బోర్డు మీద రెండో తాళం ఉంది.

"అయ్యో, ఇప్పుడే పోయాడమ్మా" అంది బేకరీ పిన్ని గుమ్మంలోంచి. "బండి ఆగిపోయాక కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. బానెట్ కూడా ఎత్తలేదు. ఏమైంది బాబూ అంటే, ఏం లేదు పిన్నీ, నన్ను రావద్దంటున్నారు అన్నాడు. బస్టాపు వైపు వెళ్ళాడు."

దిగి పారిపోతాడు అని ఫ్యూజు చెప్పనే చెప్పాడు. ఆ స్విచ్చు ఉన్నదే అందుకు. దొంగని పోగొట్టడానికి ఉన్నదాంతో తను తమ్ముణ్ని పట్టుకోవాలనుకుంది. ఆగిన బండిలో కూర్చుని వాడికి ఏం అర్థమై ఉంటుందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. ఏడవడానికి టైము లేదు. రాయి తన్నేసి, డాష్‌బోర్డు మీది తాళమే పెట్టి, సీటు ముందుకి లాక్కుని, మీట ముందుకి నొక్కింది. పంపు కొట్టుకున్న చప్పుడు విని స్టార్ట్ చేసింది. మొండికేస్తుందేమోనని హడలిపోయింది గానీ రెండో తిప్పుకే అందుకుంది.

బస్టాపుకి కాస్త ఇవతలే కనిపించాడు. భుజాన సంచి. జనంలో తల ఒక్కటే అందరికంటే పైన. పక్కగా పోనిచ్చి అద్దం దించింది.

"ఎక్కరా."

ఆగాడు గానీ ఎక్కలేదు. చిక్కాడు. గడ్డం చేసుకుని ఎన్నాళ్ళయిందో.

"తాళం డాష్‌బోర్డు మీద పెట్టానక్కా."

"చూశాను. ఎక్కు."

"వద్దులే. పెట్రోలున్న బండి అలా ఆగిందంటేనే తెలిసిపోయింది. బావకి చెప్పు, అంత చాటుగా స్విచ్చు పెట్టించక్కర్లేదని. ఒక్క మాట కబురు చేస్తే తాళం నేనే పంపేసేవాణ్ని."

"స్విచ్చు ఆపింది బావ కాదురా. నేను."

పొడుగోడి మొహంలో రంగు మారింది. "నువ్వా?"

"నేనే. ఇన్నాళ్ళూ ఆపకుండా ఉంచిందీ నేనే. రోజూ ఆయనతో అబద్ధం చెప్పి ఉంచాను, నువ్వొస్తావని. బండి పోతుందని ఆపలేదురా, నువ్వు పోతున్నావని ఆపాను. కనపడకుండా పోతే నేనెట్లా బతకను? ఒక్కసారి నిన్ను..." వెనక నుంచి ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "కొట్టకండయ్యా, కనపడటంలా, మాట్లాడుకుంటున్నాం!" అని అరిచి, మళ్ళీ ఇటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "ఎక్కరా ముందు, తిడుతున్నారు."

ఎక్కాడు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే, వంతెన అవతల గది ఉంది, అక్కడ దింపెయ్యమన్నాడు. ఆవిడ గేరు మార్చింది.

"క్లచ్చి అంత తొక్కి పట్టకక్కా, అరిగిపోతుంది."

"నువ్వు నేర్పినట్టే తొక్కుతున్నా."

"నేనలా నేర్పలేదు."

ఆవిడ రోడ్డు వైపు ఒక చూపు, వాడి వైపు ఒక చూపు చూస్తూ నడుపుతోంది.

"బండి తీసుకెళ్ళి ఏం చేసేవాడివిరా రోజూ?"

"ఏం చేస్తాను? మన లైనంతా ఒక చుట్టు తిరిగొచ్చేవాణ్ని. ఖాళీ బండితోనే. హోటలు వెనక గుమ్మం దగ్గర ఆపి, కాసేపు కూర్చుని, మళ్ళీ ఇంకో హోటలు." సిగ్గుపడ్డట్టు కిటికీ వైపు తిరిగాడు. "బండి పెట్టేసి పోయేటప్పటికి నువ్వు లేచి డాబా మీద దుప్పట్లు తీస్తుంటే రోడ్డు మీద నుంచి కనపడేదానివి."

తను లోపల వాడి చప్పుడుకి చెవి ఒగ్గితే, వాడు బయట తల ఎత్తి చూసుకుంటూ పోయేవాడన్నమాట. ఇంత చిన్న వీధిలో ఇంత దూరం ఎట్లా పట్టిందో ఆవిడకి అర్థం కాలేదు.

"బావ ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"అలాగే ఉన్నాడు. నోరు పారేసుకోవడం, మర్చిపోవడం. నీ మాట ఎత్తడు. కానీ టీ పోసేటప్పుడు ఇప్పటికీ ఓ గ్లాసు ఎక్కువ పెడతాడు. పెట్టి, మళ్ళీ తీసేస్తాడు. ఇంటికి రారా. ఆయన చేత అనిపిస్తాను."

"అనిపిస్తే అన్నట్టు కాదుగా అక్కా." కోపంగా అనలేదు. "పోనీలే. బావ మంచోడే. నాకూ ఎక్కడో ఒక చోట నా పని నాకంటూ ఉండాలి కదా."

"ఎప్పుడు ప్రయాణం?"

"రేపు పొద్దున."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"వెళ్ళాక చెప్తాను."

"ఫోను ఎత్తుతావా?"

"ఎత్తుతాను."

ఆ మాటతో ఊరట కలగాల్సింది. కలగలేదు. వంతెన కనపడుతోంది. వంతెన ఎక్కితే దిగడమే, దిగితే వాడి గది. వాడు సంచి పట్టీ భుజానికి సర్దుకుంటాడు, తలుపు తీస్తాడు, జాగ్రత్త అక్కా అంటాడు. ఆ తర్వాత ఈ వ్యానుని గోడ వారన పెట్టి ఆవిడ ఇంట్లోకి వెళ్ళాలి. ఇంట్లో ఆయన అడుగుతాడు, మేనేజరు అడుగుతాడు, సాయంత్రం మూటలు అడుగుతాయి. ఎవరికి ఏం చెప్పాలన్నా చెప్పొచ్చు. ఈ నాలుగు మాటలతో వీణ్ని పంపడం మాత్రం ఆవిడకి చేతకావడం లేదు.

ఆవిడ ఖాళీ చెయ్యి ఒళ్ళోంచి జారి సీటు కిందికి పోయింది. మీట వెనక్కి నొక్కింది.

పొడుగోడు ఆ చేతి వైపు చూశాడు. చూసి, వెంటనే రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

వ్యాను ఇంకా కొంత దూరం మామూలుగానే పోయింది. ఇద్దరూ ఆ ఇంజను చప్పుడే విన్నారు. వంతెన ఎక్కే చోటికి ముందు రెండు కుదుపులు కుదిపింది. ఆవిడ జాగ్రత్తగా గోడౌన్ గోడ పక్కకి తిప్పింది. వ్యాను నెమ్మదిగా దొర్లి, ఆగిపోయింది. సన్నగా తుంపర మొదలైంది.

"ఏమైందో మరి" అంది అక్క. స్టీరింగు వదల్లేదు, వాడి మొహంలోకి చూడలేదు.

ఆ వ్యానుని అన్నేళ్ళు నడిపినవాడు పొడుగోడు. పెట్రోలు అందక ఆగితే ఎలా ఆగుతుందో, చెత్త అడ్డుపడితే ఎలా ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

"ఫిల్టర్లో చెత్త చేరినట్టుందక్కా" అన్నాడు.

"బాగవడానికి చాలాసేపు పడుతుందా?"

"పడుతుంది" అన్నాడు. "వాన తగ్గాక చూద్దాం."

ఒళ్ళోని సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.